పట్నంలో పోచమ్మ: ఎవరి దేవత, ఎవరి వెట్టి?

నగరంలో పూజలు రెండు రకాలని తెలుగు పత్రికలు మనకు చాలాకాలంగా నేర్పుతున్నాయి. ఒకటి భక్తి, రెండోది క్షుద్రం. కొత్త ఫ్లాటులో హోమగుండం పెట్టి ఇల్లంతా పొగ నింపినా, సెల్లారులోకి ఆవును తోలుకొచ్చి గృహప్రవేశం చేసినా, ఈశాన్యం మూల తగ్గిందని కట్టిన గోడ పడగొట్టి మళ్లీ కట్టినా అది భక్తి, సంప్రదాయం, ఒక్కోసారి ‘శాస్త్రం’ కూడా. దుకాణం ముందర నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసినా, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినా ఎవరూ ఏమీ అనరు. అదే నిమ్మకాయ, అదే పసుపు, అదే కుంకుమ బస్తీ మూలమీద కోడి ఈకలతో కలిసి కనబడితే మాత్రం తెల్లారేసరికి ‘క్షుద్రపూజల కలకలం’ అయిపోతుంది. వస్తువులు ఒకటే. కంటికి ఆనని శక్తిని ఒక క్రియతో మనవైపు తిప్పుకోవచ్చనే నమ్మకమూ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? చేసే మనిషి కులంలో ఉంది, ఆ మనిషి ఉండే వాడలో ఉంది. క్షుద్రం అంటే అల్పం, నీచం అని అర్థం. ఆ పేరు పూజకు పెట్టినట్టు కనిపిస్తుంది గాని నిజానికి మనుషులకు పెట్టింది.

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల్లో గ్రామదేవతల కొలుపును ఈ వ్యాసంలో మేం దళిత దృష్టితో పరిశీలిస్తున్నాం. మా ముందు మూడు ప్రశ్నలున్నాయి. పల్లె దేవత పట్నంలో ఎట్లా బతుకుతోంది? ఆమె కొలువులో పని ఎవరిది, పెత్తనం ఎవరిది? దళితులు ఆమెను తమ దేవతగా చెప్పుకోవాలా, వదిలేసి పోవాలా? మూడో ప్రశ్న చుట్టూ వందేళ్లకు పైగా వాదన నడుస్తోంది. మొదటి రెండూ తేల్చకుండా మూడోదానికి జవాబు చెప్పబోవడమే ఆ వాదనలో ఉన్న చిక్కు అని మా అభిప్రాయం.

పల్లెవాళ్లు అనే తిట్టు

ఇంగ్లీషులో ‘పేగన్’ అనే మాట ఒకటుంది. పల్లెటూరి మనిషి అనే అర్థమున్న లాటిన్ మాట ‘పేగానస్’ నుంచి వచ్చింది. క్రైస్తవం రోమన్ సామ్రాజ్యంలో బలపడ్డాక, పాత దేవతల్ని వదలనివాళ్లకు ఆ పేరు స్థిరపడింది. అంటే నగరం, రాజ్యం, గ్రంథం ఒకవైపు. పల్లె, రాయి, చెట్టు ఇంకోవైపు. మన దగ్గర గ్రామదేవత, క్షుద్రదేవత అనే మాటలు ఇదే పని చేస్తూ వచ్చాయి.

ఇరవయ్యో శతాబ్దంలో పడమటి దేశాల్లో ఈ తిట్టును కొందరు బిరుదుగా తీసుకున్నారు. ఇంగ్లండులో 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయింది. మలయాలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి రిటైరైన గెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే పుస్తకం వేసి, పాత మంత్రగత్తెల మతం ఇంకా బతికే ఉందన్నాడు. 1979లో అమెరికాలో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి స్టార్‌హాక్ రాసిన ‘ద స్పైరల్ డాన్స్’, రెండోది మార్గట్ ఆడ్లర్ రాసిన ‘డ్రాయింగ్ డౌన్ ద మూన్’. స్టార్‌హాక్‌ది శాన్‌ఫ్రాన్సిస్కో, ఆడ్లర్ న్యూయార్కు రేడియో పాత్రికేయురాలు. ఇద్దరూ మహానగరంలో ఉండే స్త్రీలే. దైవం స్త్రీ అనీ, భూమి పవిత్రమనీ, మధ్యలో పురోహితుడు అక్కర్లేదనీ ఆ ధోరణి చెప్పింది. స్టార్‌హాక్, ఆమె తోటివాళ్లు ఈ ఆరాధనను అణువ్యతిరేక పోరాటాల్లోకి కూడా తీసుకుపోయారు. మేం దీన్ని తేలిగ్గా చూడటం లేదు.

అయితే ఒక తేడా గమనించాలి. అక్కడ పాత దేవతల కొలుపు శతాబ్దాల కింద తెగిపోయింది. ఈ కాలపు మనుషులు పుస్తకాలు తిరగేసి, కొంత ఊహించి, మళ్లీ కట్టుకున్నారు. నచ్చినవాళ్లు చేరతారు, నచ్చకుంటే మానేస్తారు. వాళ్ల వృత్తంలో ఎవరు ఎక్కడ నిలబడాలో పుట్టుక నిర్ణయించదు. ఇక్కడ దేవత తెగిపోలేదు, పుస్తకంలో వెతకాల్సిన పనీ లేదు. తెగనిది ఇంకోటి కూడా ఉంది. అమ్మవారి ముందర డప్పు కొట్టేది ఎవరో, బలి మోసేది ఎవరో పుట్టకముందే రాసిపెట్టి ఉంది. వాళ్లకున్నదీ మనకు లేనిదీ ఈ ఎంచుకునే హక్కు. ఈ మాట గుర్తుపెట్టుకుని పట్నంలోకి నడుద్దాం.

చెరువు పోయింది, మైసమ్మ మిగిలింది

తెలంగాణలో ప్రతి పెద్ద చెరువు కట్టకూ ఒక మైసమ్మ ఉంటుంది. కట్ట తెగకుండా చూసేది ఆమె. హుస్సేన్‌సాగర్ కింద, లోయర్ ట్యాంక్‌బండ్‌లో కట్టమైసమ్మ గుడి ఇప్పటికీ ఉంది. కాని నగరంలో చాలాచోట్ల చెరువు పోయింది. మాసబ్‌ట్యాంక్ అనే పేరులోనే నీళ్లున్నాయి, నేల మీద లేవు. పోచమ్మ సంగతి కూడా అంతే. ఆమె ఉండేది ఊరి బయట, పొలిమేరన. ఊరు ఊరంతా నగరంలో కలిసిపోయాక పొలిమేర అనేదే లేకుండా పోయింది. వేపచెట్టు కింది మూడు రాళ్లు ఇవాళ ఫ్లైఓవర్ నీడలోనో, రోడ్డు మధ్య డివైడర్ మీదో కనిపిస్తాయి. దేవత పట్నానికి వలస వచ్చిందనుకుంటాం గాని, పట్నమే ఆమె మీదికి వచ్చిపడ్డ చోట్లు ఎన్నో ఉన్నాయి.

వలస వచ్చిన దేవతలూ ఉన్నారు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి గురించి చెప్పుకునే కథలో 1813లో కలరా వచ్చింది. అప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. తనవాళ్లు బతికితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం పెట్టాడు. ఈ కథలో రాజు లేడు, ఆచార్యుడు లేడు. దండు ఉంది, ఆ దండులో బరువు మోసే మనిషి ఉన్నాడు, ఒక రోగం ఉంది. లాల్‌దర్వాజ కథ ఇంకోరకం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం కొట్టుకుపోయినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అమ్మవారికి మొక్కు చెల్లించాడని పాతబస్తీ చెప్పుకుంటుంది. బోనాలు ఒక్క మతం ఆస్తి అని ఇవాళ గొంతు చించుకునేవాళ్లకు ఆ బస్తీ ఏనాడో జవాబు చెప్పిపెట్టింది.

హేతువాదులు దీన్నంతా అజ్ఞానం అని కొట్టిపారేస్తారు. మశూచికి కారణం తెలియక పోచమ్మను కొలిచారు, కారణం తెలిస్తే మానేస్తారని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పింది. దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచమంతటా ఆ రోగం పోయిందని ప్రకటించారు. రోగం పోయినా పోచమ్మ పోలేదు, ఇంకా పెరిగింది. కారణం వెతకాలంటే రోగాన్ని దాటి చూడాలి. పట్నంలో కూలికి వచ్చినవాడికి కాగితం లేదు, పట్టా లేదు, పొద్దున అడ్డా మీద నిలబడితే పని దొరుకుతుందనే భరోసా లేదు. గుడిసెలు వేసుకున్న చోట ఒక పోచమ్మ రాయి నిలబెడితే ఆ జాగా కొంచెం గట్టిపడుతుంది. కూల్చడానికి వచ్చినవాడు ఒక్క క్షణం ఆగుతాడు. బస్తీకి అది దైవమూ అయింది, దస్తావేజూ అయింది. దీన్ని మాయ అనుకున్నా, మంత్రం అనుకున్నా, కాగితం లేనివాళ్ల తెలివిగా కూడా చూడాలి. ఈ తెలివిని చూడలేని హేతువాదం సగం హేతువాదమే.

పని ఒకరిది, పెత్తనం ఒకరిది

పోచమ్మకు పురోహితుడు అక్కర్లేదనే మాట నిజమే. కాని పనివాళ్లు కావాలి. తెలంగాణ పల్లెల్లో ఆ పని కులాలవారీగా పంచి ఉంది. కుమ్మరి కుండ ఇస్తాడు, చాలా ఊళ్లలో పూజారి కూడా అతనే. చాకలికి దివిటీ పని, బలి పని. మాదిగలకు డప్పు. బైండ్లవాళ్లు రంగుపొడులతో పట్నం వేసి, జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెబుతారు. పట్నం అంటే అమ్మవారిని పిలిచి కూర్చోబెట్టే ముగ్గు. తెలంగాణలో పట్నం అంటే హైదరాబాదు కూడాను. ముగ్గు పట్నం వేసే బైండ్లవాళ్లకు ఈ సిమెంటు పట్నంలో గుడి మీద ఏ హక్కూ మిగల్లేదు.

ఎల్లమ్మ కథలో ఒక ఘట్టం దక్కనంతటా చెబుతారు. జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి రేణుక తల నరుకుతాడు. అడ్డమొచ్చిన మాదిగ స్త్రీ తలా తెగిపడుతుంది. మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. బ్రాహ్మణ తల మాదిగ మొండేనికి, మాదిగ తల బ్రాహ్మణ మొండేనికి అతుక్కుంటాయి. ఈ కథ ఊరికో రకంగా ఉంది. కాని నగరపు పెద్ద గుళ్లలో ఏం జరిగిందో చూడ్డానికి ఇది చాలు. తల అంటే అర్చకుడు, సంస్కృత మంత్రం, పాలకమండలి, ఈవో, హుండీ. మొండెం అంటే డప్పు, ఆట, చెమట, బలి. తల ఒకరిదీ మొండెం ఒకరిదీ అయిన దేవత పేరు కూడా మారింది. ఎల్లమ్మ ‘రేణుకా ఎల్లమ్మ’ అయింది. బల్కంపేటలో ప్రతి ఆషాఢంలో ఆమెకు జమదగ్నితో కల్యాణం చేస్తారు, ప్రభుత్వం పట్టువస్త్రాలు పంపుతుంది. తల నరకమన్న మొగుడితోనే ఏటేటా పెళ్లి! బైండ్లవాళ్లు చెప్పే కథలో ఎల్లమ్మ తిరుగుబాటు ఉంది, తిరుగుడు ఉంది, మాదిగ ఇంట్లో దాక్కోవడం ఉంది. కల్యాణ మండపంలో అవేవీ లేవు.

దీనికి చట్టం కూడా తోడైంది. 1987 దేవాదాయ చట్టం కింద ఆదాయమున్న గుళ్లు ప్రభుత్వ శాఖ అజమాయిషీలోకి వెళ్లాయి. వంశపారంపర్య హక్కులు రద్దు చేయడం మంచి పనే. కాని బైండ్ల, కుమ్మరి వంటి వాళ్ల చేతిలోని పూజ జారిపోయిన చోట, ఆ ఖాళీలోకి వచ్చింది వాళ్ల చదువుకున్న పిల్లలు కాదు, ఆగమం తెలిసిన అర్చకులు. గ్రామదేవతకు ఏ ఆగమం ఉంది? ఎవరూ అడగలేదు.

1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టాన్ని చూపి గుళ్లలో పోతురాజు గావు పట్టే చోట గుమ్మడికాయ పెట్టారు. మేక ప్రాణం మీద ప్రేమతో మాట్లాడేవాళ్లతో మాకు తగాదా లేదు. కాని ఇక్కడ జరిగింది అది కాదు. పండగనాడు బస్తీల్లో ఇంటి ముందర యాటలు తెగుతూనే ఉన్నాయి. ఆ మాంసం గుడి గడప దాటకూడదు, అంతే. దేవత శాకాహారి అయింది, ఆమె పిల్లలు మాత్రం మాంసం తినేవాళ్లుగా బయట మిగిలారు. తల్లీపిల్లల మధ్య అంటు పుట్టించడమే ఈ శుద్ధి సాధించిన ఫలితం.

పోతురాజు సంగతి చూడండి. హైదరాబాదులో ఒళ్లంతా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టి, కొరడా ఝళిపిస్తూ నడిచే పోతురాజు అమ్మవారి తమ్ముడు. వ్యాయామశాలల కుర్రాళ్లు పోటీపడి ఈ వేషం కడతారు. టీవీలు చూపిస్తాయి. సరిగ్గా ఇదే మనిషి మహారాష్ట్రలో ‘పోత్‌రాజ్’. మరిఆయి కొలుపులో మాంగు వంటి అంటరాని కులాలవాళ్లకు పడ్డ పని అది. ముంబయి వీధుల్లో తన ఒంటి మీద తానే కొరడా దెబ్బలు వేసుకుని చిల్లర అడుక్కుంటాడు. ఒకే దేవత తమ్ముడు ఒక నగరంలో వీరుడు, ఇంకో నగరంలో బిచ్చగాడు. తేడా ఏంటంటే, ఒకచోట వేషం ఎంచుకుని కట్టేది, ఇంకోచోట విప్పలేనిది.

2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండగగా ప్రకటించింది. ఆంధ్ర పాలకుల కాలంలో చిన్నచూపుకు గురైన పండగకు దక్కిన గౌరవమని చాలామంది సంతోషించారు, ఆ సంతోషం న్యాయమైందే. అయితే గౌరవం దేవతకు దక్కిందా, దేవత పనివాళ్లకు దక్కిందా? పట్టువస్త్రాలు ఎత్తుకునేది మంత్రి, బంగారు బోనం ముందర ఫొటో దిగేది నాయకులు. డప్పులవాళ్లు ఊరేగింపుకు ముందు నడుస్తారు, వేదిక ఎక్కరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంట్లోనే బోనం చేసుకోమన్నారు. మహమ్మారి దేవత పండగ మహమ్మారి వల్లే ఆగింది. గుడి లోపలి పూజ అర్చకులతో సాగింది. ఆగిపోయింది వీధి. అంటే ఈ పండగలో ఏది లేకున్నా నడుస్తుందని పెద్దలు అనుకుంటున్నారో ఆ ఏడాది బయటపడింది.

వదలాలా, పట్టుకోవాలా

ఈ ప్రశ్న హైదరాబాదు దళితులకు కొత్తది కాదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ కల్లు, జంతుబలి, ఆడపిల్లల్ని దేవుళ్ల పేర వదలడం మానాలని ఈ నగరపు మాలమాదిగ వాడల్లో తిరిగి చెప్పారు. పండగ ఖర్చుకు చేసిన అప్పు తీరక మళ్లీ వెట్టిలో పడే మనుషుల్ని కళ్లారా చూసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. ఆడపిల్లల విషయంలో ఆయన చెప్పినదానికి తిరుగులేదు. కాని ఆ సంస్కరణ కొలబద్దలో ఒక భాగం, అంటే మాంసం మానితే, భజన చేస్తే గౌరవం వస్తుందనేది, పైకులాల ఇంటి నుంచి తెచ్చుకున్నదే. మాంసం మానినవాళ్లకూ బావి దగ్గర నీళ్లు దొరకలేదు గదా.

ఒంగోలు వైపు మాదిగలు ఇంకో దారి పట్టారు. 1876-78 కరువు దాటుతుండగా, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. డప్పు కొట్టనని, చచ్చిన పశువును తిననని, ఆదివారం పనికి రానని అనడానికి వాళ్లకు ఒక కారణం దొరికింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో హిందూ దేవుళ్లను పూజించనని ఉంది. ఆయన దృష్టిలో దేవుడెవరన్నది ఒక్కటే ప్రశ్న కాదు. మహారుల్ని ఊరికి కట్టేసిన వతనును రద్దు చేయాలని ఆయన 1920ల నుంచే కొట్లాడారు. కొలుపులో చేసే పని, ఊరికి చేసే చాకిరీ ఒకే తాడుకు రెండు కొసలని ఆయన గ్రహించారు. మతం మార్పుతో పాటు పని మానడం అందుకే ముఖ్యమైంది.

1996లో కంచ ఐలయ్య ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’తో వాదనను తలకిందులు చేశారు. పోచమ్మతో ఎవరైనా ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు, ఆమెకు మధ్యవర్తి అక్కర్లేదు, ఆమె ఉత్పత్తి కులాల దేవత, ఆమెకూ బ్రాహ్మణ దేవుళ్లకూ పొత్తు లేదని వాదించారు. సిగ్గుపడుతున్న ఒక తరానికి తలెత్తుకునే మాట అది. దాని రుణం మాకుంది. అయినా ఒక విమర్శ చేయాలి. ‘దళితబహుజన’ అని ఒకే మాటగా రాసేటప్పుడు పోచమ్మ గుడి మెట్ల దగ్గరున్న గీత చెరిగిపోయింది. చాలా ఊళ్లలో మాదిగ డప్పు గుడి దాకా రావాలి, డప్పు కొట్టే మాదిగ దూరం నిలబడాలి. ఈ దూరం పెట్టింది బ్రాహ్మణుడు ఒక్కడే అంటే మేం ఒప్పుకోలేం. బోనం ఎత్తే శూద్ర కులాలూ పెట్టాయి. అంటరానితనం పోచమ్మ గుడి బయట చెప్పులు విప్పినట్టు విప్పి లోపలికి పోయే విషయమేమీ కాదు. ఈ గీతను దాచి చెప్పే సంస్కృతీ గర్వాన్ని హిందూత్వ సంఘాలు సులభంగా మింగేస్తాయి. బోనాల దారుల్లో వాళ్ల జెండాలు ఏళ్లుగా పెరుగుతుండడానికి ఇదొక కారణం.

మాతంగి మాట

1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల గురించి రాసిన పుస్తకంలోనూ, 1909లో థర్‌స్టన్ కులాల సంపుటాల్లోనూ మాతంగి కనిపిస్తుంది. ఆమె మాదిగ స్త్రీ. కొలుపు రోజున పైకులాల మధ్యకు నడిచి వాళ్లను తిడుతుంది, వాళ్ల మీద కల్లు ఉమ్ముతుంది, తాకుతుంది. వాళ్లు దాన్ని పుణ్యమనుకుని నిలబడతారు. ఆ ఒక్కరోజు అంటు తిరగబడుతుంది. కొందరు పరిశోధకులు దీన్ని చూసి మురిసిపోయి, ఇదిగో దళిత స్త్రీ శక్తి అన్నారు. మిగతా రోజుల సంగతి ఏంది? దేవతకు వదిలిన పిల్ల ఊరి పెద్దలకు దక్కే పిల్ల అయింది. ఆ జోగిని ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. నిషేధించాక కూడా అది వెంటనే ఆగలేదు.

సికింద్రాబాదులో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. అమ్మవారికి అంకితమైన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి ఏడాది భవిష్యత్తు చెబుతుంది. వానలు ఎట్లా ఉంటాయి, పంటలు ఎట్లా ఉంటాయని పెద్దవాళ్లు చేతులు కట్టుకుని అడుగుతారు. అమ్మ కోపపడుతుంది, నాకు సరిగా చేయడం లేదని గద్దిస్తుంది. అధికారం ఉన్నవాళ్లను ఒక స్త్రీ బహిరంగంగా మందలించడం ఈ నగరంలో ఇంకెక్కడ చూస్తాం? ఆ మాట విలువను మేం కాదనం. కాని ఆ మాట కోసం ఒక మనిషి జీవితాన్ని ముందే రాసివ్వాలంటే ఒప్పుకోం. పెళ్లి, చదువు, ఉద్యోగం తన ఇష్టంతో ఎంచుకున్న స్త్రీ రంగం ఎక్కితే అమ్మవారు పలకదా? పలకదని చెప్పేది అమ్మవారు కాదు, ఆచారం పేరుతో లాభపడేవాళ్లు.

దీనికి ఇంకో ముఖం ఉంది. కుండ మీద నిలబడ్డ స్త్రీకి మొక్కిన సమాజమే చేతబడి, బాణామతి అనుమానంతో ఒంటరి మనుషుల్ని కొట్టి చంపుతుంది. బలయ్యేది ఎక్కువగా పేదలు, ముసలివాళ్లు, దళితులు, ఆదివాసులు, స్త్రీలు. ఈశాన్యం మూల సరిచేసిన వాస్తు పండితుణ్ణి అనుమానించి చెట్టుకు కట్టేసినట్టు ఎవరైనా విన్నారా? అతని మంత్రం పనిచేయకుంటే ఫీజు పోతుంది, అంతే. ఇక్కడ ప్రాణం పోతుంది. మొదట్లో మేం చెప్పిన భక్తి, క్షుద్రం అనే పేర్ల తేడా చివరికి చేరేది ఇక్కడికే. పత్రికలో శీర్షికగా మొదలైన మాట ఊరి చివర కట్టె అవుతుంది.

డప్పు మారిన దారి

ఈ చిక్కులోంచి బయటపడే దారి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. డప్పు చూపించింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే ఊరి పెద్ద మాటను మాదిగ తన డప్పుతో చాటడం. ఈసారి చాటింది తన మాట. కులం పేరును తిట్టుగా విన్నవాళ్లు దాన్ని తమ పేరు చివర పెట్టుకున్నారు. చావుకూ కొలుపుకూ పిలిస్తే వెళ్లాల్సిన డప్పు, వర్గీకరణ అడుగుతూ హైదరాబాదు రోడ్ల మీదికి తానే వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతించే దాకా, 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చే దాకా ఆ డప్పు ఆగలేదు.

ఇందులో మాకు కనిపించిన పాఠం ఇది. తోలు మారలేదు, కట్టె మారలేదు, దరువు కూడా పెద్దగా మారలేదు. కొట్టే మనిషికి కొట్టను అనే హక్కు వచ్చింది. ఆ హక్కు వచ్చాకనే డప్పు కళ అయింది, అంతకుముందు వెట్టి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వృత్తం కట్టి ఆడేవాళ్లకు మొదటి నుంచీ ఉన్నదాన్ని ఇక్కడ మాదిగలు కొట్లాడి తెచ్చుకోవాల్సి వచ్చింది. పోచమ్మ విషయంలోనూ ఇదే కొలబద్ద పెట్టాలని మేం అంటున్నాం. పోచమ్మను కొలిచే దళితుడు వెనకబడినవాడు కాదు, వదిలేసి బుద్ధవిహారానికో చర్చికో పోయిన దళితుడు వేరుపడ్డవాడు కాదు. ఇద్దరిలో ఎవరినీ పుట్టుక బలవంతపెట్టకూడదు.

ఈ కొలబద్దతో కొన్ని పనులు స్పష్టంగా కనిపిస్తాయి. దేవాదాయ శాఖ కింద ఉన్న అమ్మవారి గుళ్లలో పూజారి ఉద్యోగాలు బైండ్ల, కుమ్మరి, మాతంగి కుటుంబాల పిల్లలకు, స్త్రీలకు, నేర్చుకున్న ఎవరికైనా తెరవాలి. అమ్మవారికి ఆమె కథ తెలిసినవాళ్లే అర్హులు, ఆగమం తెలిసినవాళ్లు కారు. ఊరేగింపులో డప్పు, ఆట, వేషం కట్టేవాళ్లకు ముందే మాట్లాడుకున్న కూలి ఇవ్వాలి. రానన్నవాడి మీద కులపెద్ద గాని, కమిటీ గాని చేయి ఎత్తకూడదు. జోగినులకు, వాళ్ల పిల్లలకు భూమి, ఇల్లు, పింఛను ఇచ్చే పని పండగ ఖర్చుకన్నా ముందు జరగాలి. పత్రికలు ‘క్షుద్ర’ అనే మాట వాడటం మానాలి. మోసం జరిగితే మోసమని రాయాలి, హత్య జరిగితే హత్యని రాయాలి.

చివరిగా, పరిశోధకులుగా మా మీద మాకే ఒక పని ఉంది. మిషనరీలు, తెల్లదొరల అధికారులు రాసుకున్నంత కూడా మనం మన దేవతల గురించి రాయలేదు. బైండ్లవాళ్ల ఎల్లమ్మ కథ నగర బస్తీల్లో ఇంకా చెప్పేవాళ్లున్నారు. ఆ కథను వాళ్ల గొంతులో, వాళ్ల పేర్లతో, వాళ్లకు హక్కు ఉండేలా నమోదు చేయాలి. అందులో ఎల్లమ్మ మాదిగ ఇంట్లో దాక్కున్న ఘట్టం కల్యాణ మండపపు మైకులో ఎప్పటికీ వినిపించదు. వచ్చే ఆషాఢానికి ముందే పాఠకుల్లో ఎవరి బస్తీలో వాళ్లు ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.